మీకు తెలుసా? మంచు బండి జబ్బు ధారూర్‌లోనూ ఉంది

కెనడాలో మంచు మీద పరుగెత్తే స్నోమొబైల్‌కీ, వికారాబాద్ జిల్లా ధారూర్ చేలో రైతు వీపున మోసే తైవాన్ పంపుకీ (మందు కొట్టే పవర్ స్ప్రేయర్) ఒకే జబ్బు వస్తుంది. చలి పొద్దున ఇంజను స్టార్ట్ చేసి, ఆ వెంటనే ఫుల్ రేజ్ ఇస్తే చాలు, కాసేపట్లోనే పిస్టన్ సిలిండర్‌ను పట్టేస్తుంది. దీన్ని మెకానిక్‌లు కోల్డ్ సీజ్ అంటారు. పట్టేసిన బండిని తోసుకుంటూ షాపుకు తెచ్చినవాళ్లు మాత్రం ఆయిల్ కల్తీదనో, తక్కువ పోశామనో అనుకుంటారు. చాలాసార్లు ఆయిల్ తప్పేమీ ఉండదు. తప్పంతా తొందరది.

దీనికి మంచు కురవాల్సిన పని లేదు. వికారాబాద్ ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంటుంది. చలి ముదిరిన డిసెంబరు, జనవరి రోజుల్లో ఈ జిల్లాలో 10 డిగ్రీల లోపు నమోదవడం మామూలే. రాత్రంతా బయట నిలబెట్టిన టూ స్ట్రోక్ ఇంజనుకు ఆ చలి చాలు. నిజానికి ఇంజను చల్లగా ఉంటే ఏప్రిల్ పొద్దునైనా ఇది జరగొచ్చు. చలికాలంలో ప్రమాదం మరింత పెరుగుతుంది, అంతే.

వెంట్రుక మందమైనా లేని సందు

యమహా ఆర్ఎక్స్ 100 తెలియని పల్లె తెలంగాణలో ఉండదు. 1985లో వచ్చి, 1996లో తయారీ ఆగిపోయినా ఇప్పటికీ దానికోసం వెతుక్కునేవాళ్లున్నారు. దాని సిలిండర్ బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు కూడా 50 మిల్లీమీటర్లే. ఇంత చిన్న ఇంజనుల్లో పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య వదిలే సందు 0.04 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మన తలవెంట్రుక మందం సాధారణంగా అంతకన్నా ఎక్కువ.

పిస్టన్ అల్యూమినియంది, సిలిండర్ లోపలి స్లీవ్ పోత ఇనుముది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. పైగా పిస్టన్ నెత్తి మీదే మంట మండుతుంది కాబట్టి ముందు వేడెక్కేది అదే. సిలిండర్‌కేమో చుట్టూ రెక్కలుంటాయి, వాటికి చలిగాలి తగులుతూ ఉంటుంది. పిస్టన్ కింది భాగం, అంటే స్కర్ట్, 60 డిగ్రీలు వేడెక్కే సరికి సిలిండర్ గోడ 10 డిగ్రీలే వేడెక్కిందనుకోండి. 50 మిల్లీమీటర్ల పిస్టన్ 0.06 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. బోరు మాత్రం 0.005 మిల్లీమీటర్ల పాటే పెద్దదవుతుంది. ఉన్న సందు 0.04. ఇక పిస్టన్ కదలడానికి చోటెక్కడిది?

ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పట్టాను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, సాగినప్పుడు చెక్క చక్రం మీదికి దించి, నీళ్లు పోస్తారు. చల్లబడిన పట్టా చక్రాన్ని ఎంత గట్టిగా బిగిస్తుందంటే ఏళ్ల తరబడి ఊడదు. ఇంజనులో జరిగేదీ అదే బిగింపు. తేడా ఒక్కటే: ఇక్కడ బయటిది బిగుసుకోదు, లోపలిది ఉబ్బుతుంది.

తయారుచేసేవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. అందుకే పిస్టన్‌ను నిటారు గొట్టంలా చేయరు. మంటకు దగ్గరగా ఉండే తల వైపు కొంచెం సన్నగా, స్కర్ట్ వైపు కొంచెం లావుగా చెక్కుతారు. పై నుంచి చూస్తే కచ్చితమైన గుండ్రం కూడా కాదు, కొంచెం అండాకారం. వేడెక్కాక అది సరైన గుండ్రానికి రావాలని లెక్క. ఆ లెక్క సిలిండర్ కూడా వేడెక్కుతుందన్న నమ్మకం మీద వేసింది. ఆ కాస్త సమయం ఇవ్వాల్సింది మనమే.

టూ స్ట్రోక్‌కే ఎందుకింత బెడద?

ఫోర్ స్ట్రోక్ ఇంజను అడుగున ఆయిల్ నిలవ ఉంటుంది. అది ఎప్పుడూ కింది నుంచి గోడలకు చిమ్ముతూ ఉంటుంది. టూ స్ట్రోక్‌లో ఆ నిలవ లేదు. పెట్రోల్‌లో కలిపి పోసిన టూటీ ఆయిలో, పంపు ద్వారా కొద్దికొద్దిగా వచ్చే ఆయిలో దానికి దిక్కు. చల్లటి ఇంజనులో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, బొట్లుగా గోడల మీద పడి అక్కడున్న పల్చటి ఆయిల్ పొరను కడిగేస్తుంది. దానికితోడు టూ స్ట్రోక్ ప్రతి చుట్టుకూ ఒకసారి మండుతుంది. ఫోర్ స్ట్రోక్ రెండు చుట్లకు ఒకసారి. వేడి తొందరగా పుడుతుంది, ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. పైగా సిలిండర్ గోడకే కిటికీల్లాంటి పోర్టులుంటాయి కాబట్టి ఎగ్జాస్ట్ పోర్టు వైపు గోడ బాగా వేడిగా, ఎదుటి వైపు చల్లగా ఉంటుంది. గోడే ఒక పక్కకు ఎక్కువ సాగుతుందన్నమాట.

స్నోమొబైల్ సంగతి ఇంకాస్త చిత్రం. కెనడాలోని క్యూబెక్‌లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ 1959లో స్కీ డూ బండిని మార్కెట్లోకి తెచ్చాడు. కొన్నేళ్లకే దానికి ఆస్ట్రియాలోని రోటాక్స్ కంపెనీ ఇంజనులు వచ్చాయి. తర్వాతి కాలపు స్నోమొబైళ్లలో చాలావాటికి నీళ్లతో చల్లబరిచే ఇంజనులు. సీటు కింద, బండిని ముందుకు నెట్టే పట్టా (ట్రాక్) తిరిగే సొరంగం పైకప్పులో రేడియేటర్ లాంటి గొట్టాలుంటాయి. పట్టా ఎగజిమ్మే మంచు వాటిని చల్లబరుస్తుంది. ఇంజను వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకోగానే, ఆ గొట్టాల్లో గడ్డకట్టే చలిలో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా వేడి సిలిండర్‌ను తాకుతుంది. సిలిండర్ కుంచించుకుపోతుంది, పిస్టన్ ఉబ్బే ఉంటుంది. అందుకే అక్కడ అనుభవమున్నవాళ్లు ఇంజను వెచ్చబడ్డాక కూడా వెంటనే దౌడు తీయరు; కూలెంట్ అంతా ఒక చుట్టు తిరిగి వెచ్చబడే దాకా నెమ్మదిగా నడుపుతారు. మన దేశంలో ఈ బండ్లు గుల్‌మార్గ్‌లో పర్యాటకుల కోసం, సియాచిన్‌లో సైన్యం కోసం తిరుగుతాయి.

పిస్టన్ మీద గీతలు చదవడం

పట్టేసిన ఇంజను విప్పినప్పుడు పాత పిస్టన్‌ను అవతల పారేయనివ్వకండి. అడిగి తీసుకుని, గుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి చూడండి. ఏ కారణంతో పట్టేసిందో అది చెబుతుంది. ఇది తెలియకపోతే కొత్త పిస్టన్ వేసి, కొత్త రింగులు వేసి, అదే తప్పు మళ్లీ చేస్తాం.

స్కర్ట్ మీద నాలుగు నిలువు చారలు కనిపిస్తే అది కోల్డ్ సీజ్. గడ్జన్ పిన్ (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌తో కలిపే పిన్) రంధ్రానికి ఇటు రెండు, అటు రెండు. ఎగ్జాస్ట్ వైపూ ఉంటాయి, ఎదుటి వైపూ ఉంటాయి. పిన్ కూర్చునే చోట లోహం మందంగా ఉంటుంది, ఎక్కువగా సాగేది అక్కడే. ఆ నాలుగు మూలల్లో అల్యూమినియం గోడకు రాసుకుని, మెరుస్తూ పూసినట్టు కనిపిస్తుంది. వేలుగోరుతో గీస్తే గరుకు తెలుస్తుంది. పిస్టన్ పైభాగం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది.

చారలు ఒక్క ఎగ్జాస్ట్ వైపే ఉండి, పై అంచు దగ్గర మొదలై, రింగులు గాడిలో ఇరుక్కుపోతే కథ వేరు. అది గాలి, పెట్రోల్ మిశ్రమంలో పెట్రోల్ తక్కువై, వేడి పెరిగి పట్టేసింది. మరీ ముదిరితే పిస్టన్ నెత్తికి చిల్లు కూడా పడుతుంది. స్కర్ట్ చుట్టూరా పొడిగా, నల్లబారినట్టు గీతలుంటే ఆయిల్ అందలేదని. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. మొదటిదానికి ఓపిక, రెండోదానికి కార్బొరేటర్, మూడోదానికి ఆయిల్.

మేలో చేసిన ట్యూనింగ్ డిసెంబరుకు పనికొస్తుందా?

చల్లటి గాలి చిక్కగా ఉంటుంది. తాండూరులో మే మధ్యాహ్నం 42 డిగ్రీల గాలికన్నా, డిసెంబరు తెల్లవారుజామున 10 డిగ్రీల గాలి దాదాపు 11 శాతం చిక్కన. ఇంజను ప్రతిసారీ పీల్చే గాలి కొలత ఒకటే, కానీ అందులోని ప్రాణవాయువు 11 శాతం పెరుగుతుంది. కార్బొరేటర్‌కు ఈ తేడాను పూర్తిగా పసిగట్టే తెలివి లేదు. గాలి చిక్కబడితే లాగుడు కొంత పెరిగి పెట్రోల్ కూడా కొంత ఎక్కువ వస్తుంది. అయితే ఆ పెరుగుదల సుమారు అయిదున్నర శాతమే. మిగతా తేడా లోటుగా మిగిలిపోతుంది. అంటే స్క్రూ ఎవరూ ముట్టుకోకుండానే మిశ్రమం దాదాపు 5 శాతం పల్చబడుతుంది.

ఎత్తుకు పోతే దీనికి ఎదురు జరుగుతుంది. గాలి పల్చబడి, పెట్రోల్ ఎక్కువై, బండి పొగ చిమ్ముతుంది. మచిలీపట్నంలో సరిగా నడిచిన బండిని వికారాబాద్ తెస్తే మిశ్రమం ఒక మూడు శాతం చిక్కబడుతుంది. అది పెద్దగా తెలియదు. కొండల్లో తిరిగే స్నోమొబైళ్లకు మాత్రం ఎత్తు ఒక పక్కకు, చలి మరో పక్కకు లాగుతాయి. అందుకే ఏ ఎత్తుకు, ఎన్ని డిగ్రీలకు ఏ మెయిన్ జెట్టు వేయాలో కంపెనీలు పట్టికలే ఇచ్చాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక ఆ పని కంప్యూటర్‌ది అయింది.

ఈమధ్య పెట్రోలే మారింది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో మొదలై, ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లో అదే దొరుకుతోంది. ఇథనాల్‌లోనే కొంత ప్రాణవాయువు ఉంటుంది. పూర్తి పెట్రోల్‌కు సెట్ చేసిన పాత కార్బొరేటర్‌లో ఈ20 పోస్తే మిశ్రమం సుమారు 8 శాతం పల్చన. దీనికి చలి తెచ్చే అయిదు శాతం కలిపితే, పదేళ్ల కిందట చక్కగా నడిచిన ఆర్ఎక్స్ ఇప్పుడు చలి పొద్దున ఎందుకు తడబడుతుందో అర్థమవుతుంది.

సరే, ఎక్కడ తిప్పాలి? కార్బొరేటర్‌లో ఒక్కో భాగం ఒక్కో చోట పనిచేస్తుంది. యాక్సిలరేటర్ అసలు తిప్పనప్పుడూ, ఎనిమిదో వంతు దాకా తిప్పినప్పుడూ పైలట్ జెట్టు, గాలి స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ఆ పైన మెయిన్ జెట్టు. స్లో రన్నింగ్ బాగానే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఈడ్చుకుపోతే గాలి స్క్రూ ఎంత తిప్పినా లాభం లేదు.

చలికాలానికి తేలికైన పని నీడిల్ క్లిప్పు మార్చడం. నీడిల్ పైభాగాన గాళ్లుంటాయి, చాలావాటికి అయిదు. క్లిప్పును ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోల్ కొంచెం ఎక్కువ వస్తుంది. మార్చి వచ్చాక మళ్లీ పాత గాడికి. గాలి స్క్రూ విషయంలో ఒక జాగ్రత్త: అది ఫిల్టర్ వైపు ఉంటే గాలిని మూసేది, లోపలికి బిగిస్తే మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజను వైపు ఉంటే మిశ్రమాన్నే వదిలేది, బిగిస్తే పల్చబడుతుంది. ఎటు ఉందో చూడకుండా తిప్పితే చేయాలనుకున్నదానికి సరిగ్గా ఉల్టా జరుగుతుంది. ఇవన్నీ ఇంజను బాగా వేడెక్కాకే చేయాలి. చల్లటి ఇంజను మీద చేసిన ట్యూనింగ్ లెక్కలోకి రాదు.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. మైలేజీ కోసం జెట్టు చిన్నది వేయించడం, స్క్రూ తిప్పి పెట్రోల్ బిగించడం మన దగ్గర బాగా అలవాటు. ఆయిల్ కలిపిన పెట్రోల్‌తో నడిచే టూ స్ట్రోక్‌లో అది చాలా చెడ్డ పని. పెట్రోల్ తగ్గితే ఆయిల్ కూడా తగ్గుతుంది, ఎందుకంటే రెండూ ఒకే దారిన వస్తాయి. వేడి పెరిగే సమయానికే నూనె కోత పడుతుంది. నెలకు మిగిలే లీటరు పెట్రోల్‌కోసం బోరింగ్ ఖర్చు నెత్తిన వేసుకోవడమే.

దీనికి ఉల్టా నమ్మకం కూడా ఉంది: ఆయిల్ ఎంత ఎక్కువ పోస్తే ఇంజనుకు అంత మేలని. లీటరుకు 20 మిల్లీలీటర్లు పోయాల్సిన చోట 40 పోస్తే, జెట్టు గుండా వచ్చే ద్రవంలో ఆ మేరకు పెట్రోల్ వాటా తగ్గుతుంది, ద్రవం చిక్కబడి జెట్టులో నెమ్మదిస్తుంది. అంటే ఎక్కువ ఆయిల్ కూడా మిశ్రమాన్ని పల్చబరుస్తుంది. కంపెనీ చెప్పిన కొలతే కొలత.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్ట దిగేటప్పుడు జరిగేది కూడా తెలుసుకోదగ్గదే. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, గేరులోనే బండిని వదిలేస్తే చక్రం ఇంజనును వేగంగా తిప్పుతుంది. కానీ కార్బొరేటర్ మూసుకుని ఉంది, పెట్రోల్ చాలా తక్కువ వస్తుంది, దానితోపాటు ఆయిల్ కూడా. పొడవైన దిగుడులో మధ్యమధ్య కొంచెం రేజ్ ఇస్తూ ఉండడం పాతకాలపు లూనా, ఎం80 నడిపినవాళ్లకు చెప్పకుండానే తెలుసు. ఇప్పుడు పాత బండి కొని ముచ్చట తీర్చుకునే కుర్రాళ్లకు ఇది చెప్పాలి. ఫోర్ స్ట్రోక్‌కు అలవాటు పడిన చేతికి ఆ ఊహ రాదు.

చేలో పంపు

రోడ్ల మీద టూ స్ట్రోక్ బండ్లు తగ్గిపోయాయి. టీవీఎస్ ఎక్సెల్ కూడా 2015లో వచ్చిన ఎక్సెల్ 100తో ఫోర్ స్ట్రోక్ అయింది. చేలల్లో మాత్రం టూ స్ట్రోక్ ఇంకా బతికే ఉంది: పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, చెట్లు కోసే రంపాలు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది పూత, కాయ దశకు వచ్చేది నవంబరు, డిసెంబరులో. కాయతొలుచు పురుగుకు మందు కొట్టేది అప్పుడే. గాలి తగ్గి ఉంటుందని రైతు పొద్దున్నే చేలో దిగుతాడు. తాడు లాగడం, చౌక్ తీయడం, లివర్ చివరిదాకా నెట్టడం, అన్నీ ఒక ఊపులో అయిపోతాయి. కోల్డ్ సీజ్‌కు ఇంతకన్నా అనువైన సమయం లేదు.

చేయాల్సింది చిన్నదే. స్టార్ట్ అయ్యాక చౌక్ మెల్లగా తీసి, ఇంజను తనంతట తాను ఆగకుండా స్లోలో నడిచే దాకా ఆగాలి. ఆ తర్వాత పావు రేజ్ మీద ఒకటి రెండు నిమిషాలు. ఈలోపు మందు కలుపుకోవచ్చు. రెక్కల దగ్గర చెయ్యి పెడితే వెచ్చదనం తెలియాలి, అప్పుడు వీపున వేసుకుని లివర్ నెట్టాలి. బైకుకైతే మొదటి కిలోమీటరు సగం రేజ్ దాటకుండా నడిపితే సరిపోతుంది. నిలబెట్టి చాలాసేపు వేడి చేయనక్కర్లేదు, ఎక్కువసేపు స్లోలో నడిస్తే సైలెన్సర్‌లో ఆయిల్ పేరుకుంటుంది. నిలబెట్టి బర్రుబర్రుమని రేజ్ ఇచ్చి వేడి చేయడం మాత్రం అసలు కూడదు. దేనిని తప్పించాలనుకున్నామో దాన్నే పిలిచినట్టు అవుతుంది.

పంటల మధ్య నెలల తరబడి మూలన పడేసే పంపులకు మరో ముప్పుంది. ట్యాంకులో మిగిలిన ఆయిల్ పెట్రోల్‌లోని ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటితే నీళ్లూ ఇథనాల్ కలిసి అడుక్కు చేరతాయి, ఆయిల్ మాత్రం పైన ఉన్న పెట్రోల్‌లో ఉండిపోతుంది. గొట్టం లాగేది అడుగు నుంచి. అంటే ఇంజనుకు మొదట అందేది ఆయిల్ లేని ద్రవం! ఇంకా, ఎండిపోయిన పెట్రోల్ జెట్టులో జిగురై రంధ్రాన్ని సన్నం చేస్తుంది. సీజను అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో ఉన్నదంతా మండిపోయి ఇంజను తానే ఆగే దాకా నడిపి పక్కన పెడితే ఈ రెండూ ఉండవు.

పట్టేశాక

నడుస్తుండగా పట్టేస్తే వెంటనే క్లచ్ నొక్కాలి, లేకపోతే వెనక చక్రం జామై బండి పడుతుంది. పాత టూ స్ట్రోక్ నడిపేవాళ్లు రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీద ఉంచుకునేది ఇందుకే. పట్టేసిన ఇంజనును బలంగా కిక్కు కొట్టకూడదు, నీళ్లు పోయకూడదు. చల్లబడితే చాలాసార్లు తానే వదులుతుంది. వదిలింది కదా అని అదే పనిగా నడపడం మాత్రం మంచిది కాదు. గోడకు అంటుకున్న అల్యూమినియం రింగులను తినేస్తుంది. హెడ్డు విప్పి చూడాల్సిందే.

గీతలు లోతుగా ఉంటే రీబోరింగ్ తప్పదు. బోరు కొంచెం పెద్దది చేసి, దానికి సరిపడే ఓవర్ సైజు పిస్టన్ వేస్తారు, సాధారణంగా 0.25 మిల్లీమీటర్ల మెట్లలో. అక్కడ ఒక మాట అడగండి: సందు ఎంత పెట్టారు? గాలికి చల్లబడే ఇంజనుకు మరీ టైటుగా బోరు చేస్తే చప్పుడు లేకుండా ముద్దుగా నడుస్తుంది, మొదటి చలి పొద్దునే పట్టేస్తుంది. బోరు కొలిచే గేజీ ఉన్న షాపుకే ఇవ్వండి. అక్కడి నుంచి మొదటి 500 కిలోమీటర్లు సగం రేజ్ లోపే. తర్వాత ఒకసారి ప్లగ్గు విప్పి చూడాలి: కొన మీద పింగాణీ బిస్కెట్ రంగులో ఉంటే కార్బొరేటర్ సరిగా ఉన్నట్టు, తెల్లగా ఉంటే క్లిప్పు ఒక గాడి కిందికి, నల్లగా తడిగా ఉంటే ఒక గాడి పైకి.